ఆకు బొమ్మను చూచి మొక్క పేరు చెప్పు యంత్రము: ఒక విమర్శ

విజయవాడలో బందరు కాలువ గట్టు వెంబడి కొంత దూరము నడచినవానికి ఎన్నియో రకముల మొక్కలు కంటబడును. నీటిపై గుర్రపుడెక్క, ఒడ్డున తుంగ, కొంచెము పైన గలిజేరు, ఆ పైన వయ్యారిభామ. వీనిలో పేరు తెలిసినవి కొన్ని, తెలియనివి అనేకము. పూర్వము తెలియని మొక్క పేరు కావలెనన్న ఊరి వైద్యుని గాని, కళాశాలలోని వృక్షశాస్త్రోపాధ్యాయుని గాని ఆశ్రయింపవలసి యుండెను. నేడు సెల్‌ఫోనుతో ఆకును ఫొటో తీసినచో, రెండు మూడు క్షణములలో ఒక లాటిన్ పేరును, దాని ప్రక్కన ‘నూటికి ఇంత నమ్మకము’ అను అంకెయు తెరపై ప్రత్యక్షమగుచున్నవి.

ఈ పనికి మూలమైన విద్యకు డీప్ లెర్నింగ్ అని పేరు. లోతైన అభ్యసనము అని తెలుగున చెప్పుకొనవచ్చును. ఈ విద్యను గూర్చిన పరిశోధన పత్రములలో నూటికి 95, 98, 99 సరియైన సమాధానములు వచ్చినవను మాట తరచుగా కనబడును. ఆ అంకెలు అబద్ధములు కావు. కాని అవి దేనిని గురించిన అంకెలు? కాలువ గట్టుమీది మొక్కను గురించినవా, పరిశోధకుని పెట్టెలోని ఫొటోలను గురించినవా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకకుండ యంత్రమును మెచ్చుకొనుటయు తొందరపాటే, తెగడుటయు తొందరపాటే.

యంత్రము ఎట్లు నేర్చుకొనును?

ఫొటో అనునది కంప్యూటరుకు చుక్కల గళ్లబట్ట వంటిది. ప్రతి చుక్కకు మూడు అంకెలుండును: ఎరుపు ఎంత, పచ్చ ఎంత, నీలము ఎంత అని. ఈ అంకెలు ఒకదాని వెనుక నొకటిగా అమర్చిన అనేక పొరల గుండా పోవును. మొదటి పొర చిన్న చిన్న గళ్లను బొమ్మ అంతటను జరుపుచు, వెలుగు నీడల అంచులను పట్టుకొనును. తరువాతి పొరలు ఆ అంచులను కలిపి ఈనెలు, రంపపు పండ్ల వంటి అంచులు, వంపులు మొదలగు వానిని గుర్తించును. ఇంకను లోతునకు పోయినకొలది ఆకు మొత్తము ఆకారము, పూవు అమరిక వంటివి తేలును. చివరి పొరలో ఒక్కొక్క మొక్క పేరునకు ఒక్కొక్క స్థానముండును. ఏ స్థానమునకు ఎక్కువ మార్కులు వచ్చిన ఆ పేరే యంత్రము చెప్పు సమాధానము.

ప్రారంభములో యంత్రము చెప్పు పేర్లన్నియు గుడ్డి ఊహలే. ఒక్కొక్క ఫొటో చూపి, అది చెప్పిన పేరునకును అసలు పేరునకును గల తేడాను లెక్కగట్టి, ఆ తేడా తగ్గునట్లు పొరలలోని లక్షలాది అంకెలను కొద్దికొద్దిగా సవరించుచు పోవుదురు. వేలకొలది ఫొటోలను మరల మరల చూపిన పిమ్మట ఊహలు కుదుటపడును. ఇందు గమనింపవలసిన దేమనగా, ‘ఈనెను చూడుము, అంచును చూడుము’ అని యంత్రమునకు ఎవ్వరును బోధింపరు. పేరు మాత్రమే చెప్పుదురు, కారణము చెప్పరు. ఏ గుర్తుతో పని జరిగిన ఆ గుర్తునే అది పట్టుకొనును. ఈ విద్య యొక్క బలమంతయు అందే ఉన్నది. దాని బలహీనతయు అందే ఉన్నది.

సాధించిన ఘనత

మొదట దీని గొప్పతనమును ఒప్పుకొనవలెను. 2007లో చైనా పరిశోధకులు 32 జాతుల ఆకులతో ఫ్లావియా అను చిత్రసంపుటిని తయారుచేసిరి. ఆ మొక్కలలో ఎక్కువభాగము యాంగ్‌ట్సీ నదీ డెల్టాలో సామాన్యముగ కనబడునవి. ఆకు పొడవు, వెడల్పు, చుట్టుకొలత, ఈనెలు మొదలగు 12 లక్షణములను కొలిచి, నూటికి 90కి పైగా సరియైన సమాధానములు రాబట్టిరి. అప్పటికి లక్షణములను ఎన్నుకొను పని ఇంకను మనిషిదే. 2011లో అమెరికాలో లీఫ్‌స్నాప్ అను సాధనము వెలువడెను. అది ఆ దేశపు ఈశాన్య రాష్ట్రముల చెట్లకు పరిమితము. ఆకును త్రుంచి తెల్లని కాగితముపై పెట్టి ఫొటో తీయవలసి యుండెను.

2012లో మలుపు వచ్చినది. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయమునకు చెందిన క్రిజెవ్‌స్కీ, సట్స్‌కేవర్, హింటన్ అను ముగ్గురు ఇమేజ్‌నెట్ పోటీలో డీప్ లెర్నింగ్ పద్ధతితో పాల్గొనిరి. 1000 రకముల వస్తువులను గుర్తింపవలసిన ఆ పోటీలో, అయిదు ఊహలకు అవకాశమిచ్చినప్పుడు, వారి యంత్రము నూటికి 15.3 తప్పులు చేసెను. రెండవ స్థానమున నిలిచిన పద్ధతి 26.2 తప్పులు చేసెను. అటుపిమ్మట మొక్కలను గుర్తించువారందరును ఈ మార్గమునకే మరలిరి. ఫ్రాన్సులోని పరిశోధన సంస్థలు కలిసి నడుపుచున్న ప్లాంట్‌నెట్ 2013లో సెల్‌ఫోనులకు వచ్చినది. నేడు అది వేలకొలది జాతులను గుర్తించుచున్నది. 2017లో జర్మనీ సంస్థ రూపొందించిన ప్లాంటిక్స్ అను పంట తెగుళ్ల సాధనము, ఇక్రిశాట్, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయముల సహకారముతో తెలుగున కూడ వెలువడెను. తోటలలోని పూలమొక్కలను, బాగుగ ఫొటో తీసిన సామాన్య వృక్షములను ఇట్టి సాధనములు చాలవరకు సరిగనే చెప్పుచున్నవి. ఇది చిన్న విషయము కాదు.

అంకెల వెనుక కథ

ఇక విమర్శకు వత్తము. ఈ రంగములో మిక్కిలి ప్రసిద్ధికెక్కిన అంకె నూటికి 99.35. 2016లో మోహంతి, హ్యూస్, సలాథే అను పరిశోధకులు ప్లాంట్‌విలేజ్ చిత్రసంపుటిపై యంత్రమునకు శిక్షణ ఇచ్చి ఈ ఫలితమును ప్రకటించిరి. ఆ సంపుటిలో 54,306 ఆకు ఫొటోలు కలవు. పంటను, దాని తెగులును ఒక్కమారే గుర్తించునట్లు వానిని 38 తరగతులుగ విభజించిరి. ఆ ఫొటోలలో ఆకును త్రుంచి, ఒకే రంగు గల బల్లపై పెట్టి, చక్కని వెలుగులో చిత్రించిరి.

ఆ పత్రములోనే ఇంకొక అంకె కూడ ఉన్నది. దానిని ఉదహరించువారు తక్కువ. అదే యంత్రమునకు ఇతర చోట్ల, ఇతర పరిస్థితులలో తీసిన ఫొటోలను చూపగా సరియైన సమాధానములు నూటికి 31కి పడిపోయెను. ఈ సంగతిని దాచక చెప్పినందులకు ఆ పరిశోధకులను అభినందింపవలెను. 99 అను అంకెను మాత్రమే పట్టుకొని 31ని విడిచిపెట్టినవారిదే తప్పు.

ఎందుచేత ఇంత పతనము? 2022లో నోయన్ అను పరిశోధకుడు ఒక చిత్రమైన పరీక్ష జరిపెను. అదే సంపుటిలోని ప్రతి ఫొటోనుండి ఆకును పూర్తిగా విడిచి, వెనుకనున్న బల్లకు సంబంధించిన 8 చుక్కలను మాత్రమే యంత్రమునకు చూపెను. ఆకు ముక్క కూడ చూడని ఆ యంత్రము నూటికి 49 సరియైన సమాధానములు చెప్పెను. గుడ్డిగా ఊహించినచో 3 కూడ రావు. కారణము సులభము. ఒక్కొక్క తరగతి ఫొటోలను ఒక్కొక్క పూట, ఒక్కొక్క వెలుగులో తీసియుందురు. బల్ల రంగులోని సూక్ష్మమైన తేడాయే తరగతి పేరును పట్టి ఇచ్చుచున్నది. ప్రశ్నపత్రములోని విషయము చదువక, కాగితపు రంగును బట్టి ఏ ఉపాధ్యాయుడు ఇచ్చిన పరీక్షయో కనిపెట్టు విద్యార్థి వంటిదే ఈ యంత్రము. బడి మారినప్పుడు ఆ విద్యార్థి తప్పక తప్పును.

కనుక ఒక ఫలితమును చూచినప్పుడు అడుగవలసిన మొదటి ప్రశ్న ‘నూటికి ఎంత?’ అని కాదు. ‘నేర్పిన ఫొటోలును, పరీక్షించిన ఫొటోలును ఒకే చోట, ఒకే చెట్టున, ఒకే దినమున తీసినవా?’ అని. ఉయ్యూరులో తీసిన ఫొటోలతో నేర్పి అవనిగడ్డలో తీసిన ఫొటోలతో పరీక్షించినప్పుడు వచ్చిన అంకె నూటికి 70 అయినను, ఒకే తోట ఫొటోలను రెండు భాగములు చేసి తెచ్చిన 99కన్న అది విలువైనది.

పట్టికలో లేని పంటలు

ఆ ప్లాంట్‌విలేజ్ సంపుటిలోని పంటలు 14. ఆపిల్, బ్లూబెర్రీ, చెర్రీ, మొక్కజొన్న, ద్రాక్ష, నారింజ, పీచ్, బెంగుళూరు మిరప, బంగాళాదుంప, రాస్ప్‌బెర్రీ, సోయా, గుమ్మడి జాతి, స్ట్రాబెర్రీ, టమాట. ఇందు వరి లేదు. మినుము లేదు, పెసర లేదు. చెరకు, పసుపు, అరటి, మామిడి ఏవియు లేవు. కృష్ణా డెల్టా రైతు బ్రతుకును నిలబెట్టు పంటలలో మొక్కజొన్న వంటి ఒకటి రెండు తప్ప తక్కినవన్నియు ఆ పట్టిక వెలుపలనే ఉన్నవి.

పట్టిక వెలుపలి మొక్కను చూపినప్పుడు యంత్రము ఏమి చేయును? ‘ఇది నాకు తెలియదు’ అనదు. దాని చివరి పొరలోని మార్కులన్నియు కలిపి నూరు కావలెనని నియమము. ఆ నూటిని తనకు తెలిసిన పేర్లకే పంచవలెను. అందుచేత మినుము ఆకును చూపిన సోయా అని చెప్పుటకు సిద్ధపడును. ఒక్కొక్కప్పుడు గొప్ప నమ్మకముతోనే చెప్పును. తెలియనిదానిని తెలియదనుట మనుష్యులలో వినయమైనట్లే యంత్రములలోను ఒక గుణము. ఆ గుణము సహజముగ రాదు, ప్రత్యేకముగ నేర్పవలెను. దీనిని నేర్పని సాధనమును పొలమునకు పంపుట ఉచితము కాదు.

ఫొటోలో కనబడనివి

అన్నింటికన్న లోతైన చిక్కు వేరొకటి కలదు. మొక్క గుర్తింపు ఆకు ఆకారముపైననే ఆధారపడునను భావము ఈ పరిశోధనలలో చాలవాటి వెనుక దాగియున్నది. వృక్షశాస్త్రజ్ఞుడు అట్లు పని చేయడు. పనస మొక్క లేతగా ఉన్నప్పుడు దాని ఆకులు చీలియుండును, ముదిరిన చెట్టున నిండుగ ఉండును. ఒకే చెట్టు, రెండు ఆకారములు. ఆకును మాత్రమే నమ్మినవాడు అది రెండు జాతులనుకొనును.

వరిపొలములోని ఊదను చూడుడు. లేత దశలో ఊదను వరినుండి వేరుచేయుట అనుభవశాలికి సయితము కష్టము. నారుతోపాటు ఊదను కూడ పీకి నాటుట అందుచేతనే జరుగుచుండును. కాని ఒక నిశ్చయమైన గుర్తు కలదు. ఆకు కాడను కలియుచోట వంచి చూచినచో వరికి పలుచని నాలుకవంటి పొర ఉండును. ఊదకు అది ఉండదు. పైనుండి తీసిన ఫొటోలో ఆ నాలుక కనబడదు. అట్లే తుంగకు కాడ మూడు పలకలుగ ఉండును. వ్రేళ్ల మధ్య త్రిప్పినచో తెలియును, ఫొటోలో తెలియదు. ఈ తేడా పుస్తకములకు మాత్రమే పనికివచ్చునది కాదు. వెడల్పాకు కలుపునకు వాడు 2,4-డి మందు ఊదపై పనిచేయదు. ఊదను మరియొకటిగా పొరబడి ఆ మందు కొట్టినచో, మందు ఖర్చును పోవును, ఊద అణగవలసిన అదనును పోవును.

డెల్టాలో వరి కోతకు ముందు పొలములో చల్లు మినుము చేలలో బంగారుతీగ పెద్ద బెడద. ఈ పరాన్నజీవికి చెప్పుకొనదగిన ఆకు ఉండదు. పసుపుపచ్చని దారములవలె మినుమును అల్లుకొని దాని రసమును పీల్చును. ఆకులతో మాత్రమే చదువుకొన్న యంత్రమునకు బంగారుతీగ పట్టిన చేనును చూపినను, అది చూచునవి మినుము ఆకులే. ‘మినుము’ అని చెప్పును. అది సరియైన సమాధానమే. కాని రైతు అడిగిన ప్రశ్నకు అది సమాధానము కాదు.

కృష్ణానది సాగరమున కలియుచోట మడ అడవులలో తిల్ల అను చెట్టు కలదు. ఆకు త్రుంచిన వెంటనే కారు పాలు దాని ముఖ్య లక్షణము. ఆ పాలు కంటికి ప్రమాదము. కొండపల్లి బొమ్మల పనివారు తెల్ల పొణికి కొయ్యను దాని తేలికదనముచేతను, ఉలికి లొంగు మెత్తదనముచేతను ఎరుగుదురు. తులసిని అంధుడు కూడ వాసనచే చెప్పగలడు. పాలు, బరువు, మెత్తదనము, వాసన వీనిలో ఏదియు కెమెరాకు అందదు.

దీనితో పోల్చదగిన పాత పని ఒకటి తెలుగు నేలపైననే జరిగినది. 18వ శతాబ్దమున విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు గోదావరి డెల్టా అంచుననున్న సామర్లకోటలో ఉండి, దేశీయ చిత్రకారులచే మొక్కల బొమ్మలు వేయించెను. వానిలో 300 బొమ్మలు 1795 నుండి 1820 వరకు కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమున మూడు సంపుటములుగ అచ్చయినవి. ఆ బొమ్మలలో ఆకు మాత్రమే కాదు, పూవు ఉన్నది, కాయ ఉన్నది, పూవును విడదీసి భాగములను విడివిడిగా చూపుట ఉన్నది. అదియు బొమ్మయే, ఇదియు బొమ్మయే. కాని ఆ చిత్రకారునికి ఏమి చూపవలెనో చెప్పిన శాస్త్రజ్ఞుడు ప్రక్కన ఉండెను. నేటి ఫొటోకు ఆ తోడు లోపించినది. లోపము యంత్రములో కన్న ఫొటోలోనే ఎక్కువగ ఉన్నది.

పేర్ల చిక్కు

యంత్రమునకు నేర్పు ప్రతి ఫొటోకు ఒక పేరు చీటీ అంటింపవలెను. ఆ చీటీ తప్పైన యంత్రము తప్పునే శ్రద్ధగా నేర్చును. తెలుగు పేర్లతో ఈ అపాయము ఎక్కువ. గలిజేరు అని కొందరు పిలుచునది ట్రయాంథిమా పోర్చులకాస్ట్రం. అదే పేరుతో మరికొందరు పిలుచునది అటికమామిడి, అనగా పునర్నవగ ప్రసిద్ధమైన బోర్హావియా డిఫ్యూసా. మొదటిదాని ఆకులు కండగలవి, పూవులు ఒంటిగా ఆకు పంగలో దాగియుండును. రెండవదాని పూవులు పొడవైన రెమ్మలపై వెలికి వచ్చును, కాయలు జిగటగా ఉండి బట్టలకంటుకొనును. ‘గలిజేరు’ అను ఒక్క చీటీ క్రింద ఈ రెంటిని చేర్చిన సంపుటితో నేర్చిన యంత్రము రెంటిని ఒకటే అనుకొనును.

నేల ఉసిరి సంగతి ఇంకను తీవ్రము. కామెర్లకు నాటువైద్యమున వాడు ఈ మొక్కను చాల భారతీయ గ్రంథములు దీర్ఘకాలము ఫిల్లాంథస్ నిరూరి అని వ్రాసినవి. అసలైన నిరూరి అమెరికా ఖండములకు చెందినది. మన దేశమున నేల ఉసిరిగ అమ్ముడగు వానిలో ఫిల్లాంథస్ అమారస్, ఫిల్లాంథస్ ఫ్రటర్నస్ అనునవి కలవు. మొదటిదాని పూవునకు రేకులవంటి భాగములు 5, రెండవదానికి 6. పూవో ఆవగింజంత. సామాన్యమైన ఫొటోలో ఆ లెక్క తేలదు. మందు మొక్క విషయమున పేరు తప్పుట ఎంత దూరము పోవునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ చిక్కును ఎరిగియే 1859లో సర్ వాల్టర్ ఎలియట్ మద్రాసులో ‘ఫ్లోరా ఆంధ్రికా’ను ప్రచురించి, ఉత్తర సర్కారుల మొక్కల తెలుగు పేర్లను శాస్త్రీయనామములతో జతపరచెను. ఆ పనిని నేటి వృక్షశాస్త్రమునకు అనుగుణముగ సరిచూచి పెంచుట యంత్రము తయారు చేయుటకన్న ముందు జరుగవలసిన పని.

చేయవలసిన పని

ఈ విమర్శ యంత్రమును కాదనుటకు కాదు. దానిని పొలమునకు తగినదిగ చేయుటకు. ఇందులకు కావలసినది ఇంకను లోతైన పొరలు గల యంత్రము కాదు, ఇంకను మంచి ఫొటోల సంపుటి. అట్టి సంపుటిని కృష్ణా డెల్టాలోని కళాశాలలే తయారు చేయవచ్చును. కంప్యూటరు విద్యార్థియు, వృక్షశాస్త్ర విద్యార్థియు, వ్యవసాయ విద్యార్థియు కలిసి పనిచేసిన చాలును. నేడు వీరు వేరువేరు భవనములలో వేరువేరుగ చదువుచున్నారు.

ప్రతి మొక్కకు ఆకు ముందువైపు, వెనుకవైపు, కాడ కలియుచోటు, పూవు, కాయ, బెరడు వేరువేరుగ ఫొటో తీయవలెను. ఊదవంటి మొక్కలను మొలక దశనుండి కంకి దశవరకు వారము వారము చిత్రింపవలెను. తీసిన చోటు, తేదీ వ్రాయవలెను. త్రుంచిన ఆకును బల్లపై పెట్టక, మొక్కను అది పెరిగినచోటనే ఎండలోను నీడలోను చూపవలెను. అన్నింటికన్న ముఖ్యముగ, ఫొటో తీసిన మొక్కలనుండి కొన్నింటిని ఎండబెట్టి, కాగితమునకంటించి, సంఖ్యవేసి భద్రపరుపవలెను. 1890లో స్థాపింపబడిన భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థకు హైదరాబాదులో ప్రాంతీయ కేంద్రము కలదు. అట్టి సంస్థల నిపుణులు ఆ ఎండుమొక్కలను చూచి పేరు స్థిరపరచిన పిమ్మటనే చీటీ అంటింపవలెను. రేపు ఎవరైన ‘ఇది నిజముగ అమారసేనా?’ అని ప్రశ్నించినచో, తెరచి చూపుటకు ఒక ఎండిన కొమ్మ ఉండవలెను. ఫొటో సాక్ష్యము చెప్పగలదు గాని ఎదురు ప్రశ్నకు నిలువజాలదు.

ఫలితములు ప్రకటించునపుడు రెండు అంకెలు ఇచ్చుట ఆచారము కావలెను: తనకు తెలిసిన తోటలో ఎంత, తాను ఎన్నడును చూడని ఊరిలో ఎంత అని. యంత్రము ‘తెలియదు’ అని ఎన్నిమార్లు చెప్పెనో, అట్లు చెప్పినప్పుడు అది ఎంతవరకు యుక్తమో కూడ చెప్పవలెను. పేరు చెప్పునపుడు ఒకే పేరు కాక, మూడు పేర్లు చెప్పి, ‘నాలుక ఉన్నదేమో వంచి చూడుము’ అని రైతును అడుగు సాధనము, గట్టిగా ఒకే పేరు చెప్పు సాధనముకన్న మేలైనది. అది రైతు కంటిని త్రోసివేయక, దానికి పని చెప్పును.

1855లో విజయవాడవద్ద ఆనకట్ట పూర్తియైన పిమ్మట కృష్ణ నీరు కాలువల ద్వారా డెల్టా అంతట పారినది. 1957లో ప్రకాశం బరాజు దాని స్థానమును తీసికొన్నది. నీరు ఎంత వచ్చినను ప్రతి పొలమునకు బోదె త్రవ్వినప్పుడే అది పంట అయినది. డీప్ లెర్నింగ్ విద్యయు అట్టిదే. విదేశములలో పుట్టిన ఈ ప్రవాహము విజయవాడవరకు వచ్చియున్నది. ఇక పొలమువరకు బోదె త్రవ్వవలసినవారు ఇక్కడివారే.